అమ్మ పేరు పెట్టినంత మాత్రాన

అభిమానం ఒక వింత జబ్బు. పట్టినవాడు హాయిగానే ఉంటాడు, పక్కవాళ్ళకే కంటికి కునుకుండదు. మా నాన్నగారి తరంలో రామారావు గొప్పా, నాగేశ్వరరావు గొప్పా అని కాఫీ హోటళ్ళలో బల్లలు విరిగేటట్టు వాదించుకునేవారట. ఏ సినిమా ఏ ఊళ్ళో, ఏ హాల్లో ఎన్ని రోజులాడిందో తడుముకోకుండా చెప్పే మహానుభావులు, సొంత పిల్లాడు ఎన్నో క్లాసు చదువుతున్నాడని అడిగితే మాత్రం వంటింటి వైపు చూసేవారట. మా హాస్టలు రోజులకి ఆ గొడవ ఇళయరాజా, రెహమానుల మీదికి మళ్ళింది. ఒక్క పాట మీద మాటా మాటా పెరిగి నెల్లాళ్ళు మొహాలు చూసుకోని స్నేహితురాళ్ళు నాకున్నారు.

కనక అభిమానుల తగువు నాకు కొత్త కాదు. కాని 2021లో, ఆగస్టు చివర మొదలై సెప్టెంబరంతా మా ఇంట్లో నడిచిన తగువు మాత్రం ఆ బాపతుది కాదు. ఇన్నేళ్ళయినా అది నా మనసులో నలుగుతూనే ఉంది.

వాదులు ఇద్దరు. ఒకడు మా అక్క కొడుకు, షికాగోలో కంప్యూటరు ఉద్యోగం. రెండోది మా అమ్మాయి, ఇక్కడ హైదరాబాదులో డిగ్రీ చదువు. కరోనా పుణ్యమా అని కాలేజీయే మా ముందు గదిలోకి వచ్చి కూర్చున్న రోజులవి. వాడికి రాత్రయ్యే వేళకి దీనికి తెల్లవారుతుంది. నేను దోసెలు పోస్తూ ఉంటే, పంచదార డబ్బాకి ఆనించిన ఫోనులోంచి వాడు, డబ్బా కివతల నుంచి ఇదీ ఒకరి మీద ఒకరు ఎగిరేవాళ్ళు. తగువంతా కాన్యే వెస్ట్ అనే ర్యాప్ గాయకుడి కొత్త ఆల్బమ్ గురించి. దాని పేరు 'డోండా'. డోండా అంటే ఆయనగారి అమ్మ పేరు.

ర్యాప్ అనగానే మనలో చాలామందికి 1994లో వచ్చిన 'ప్రేమికుడు' సినిమా, అందులో ఎముకలు లేనట్టు మెలికలు తిరిగిన ప్రభుదేవా గుర్తొస్తారు. అసలు ర్యాప్ పుట్టిల్లు న్యూయార్కులోని బ్రాంక్స్ పేట. 1970లలో అక్కడి నల్లవాళ్ళు, లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్ళు ఉండే బీద వీధుల్లో పుట్టి పెరిగింది. అందులో పాడడం కన్నా చెప్పడం ఎక్కువ. మన హరిదాసుగారు చిడతలు పట్టుకుని, కథ మంచి పాకంలో ఉండగా వడివడిగా ఒక వచనం అందుకుంటారు చూడండి, తాళం తప్పకుండా, ఊపిరి తీసుకోకుండా! ఆ దినుసన్నమాట. కాకపోతే ఇక్కడ దాసుగారి కథలో రుక్మిణి ఉంటుంది, అక్కడ కథ చెప్పేవాడి సొంత బతుకుంటుంది. బూతు కూడా దండిగానే ఉంటుంది.

ఈ కాన్యే 1977లో పుట్టాడు. మూడేళ్ళ వయసులోనే తల్లీ తండ్రీ విడిపోయారు. డోండా వెస్ట్ షికాగో స్టేట్ యూనివర్సిటీలో ఇంగ్లీషు ప్రొఫెసరు, ఆ శాఖకి అధిపతి కూడా అయింది. నల్లజాతి ఆడది, ఒంటరి తల్లి, చదువుని నమ్ముకుని పైకొచ్చిన మనిషి. పిల్లాడికి పదేళ్ళప్పుడు పాఠాలు చెప్పడానికి చైనాలోని నాన్జింగుకి వెళుతూ వాణ్ణీ వెంట తీసుకుపోయింది. మరి అంత చదువుల తల్లి కడుపున పుట్టినవాడు ఏం చేశాడయ్యా అంటే, తల్లి పాఠాలు చెప్పే కాలేజీలోనే చేరి, మధ్యలో చదువు మానేసి, 2004లో వేసిన మొదటి ఆల్బముకి 'కాలేజ్ డ్రాపౌట్' అని పేరు పెట్టుకున్నాడు. మేష్టార్ల పిల్లల సంగతి మనకు తెలియనిదేముంది!

వాడి చేతిలో విద్య ఉన్నమాట నిజం. పాత గ్రామఫోను రికార్డులోంచి ఒక ముక్క కోసి, దాని వేగం పెంచి, కీచుగా మారిన ఆ గొంతు చుట్టూ కొత్త దరువు అల్లేవాడు. మిగిలిపోయిన అన్నానికి పోపు పెట్టి పులిహోర చేసి, ఇదేదో కొత్త వంట అనిపించే ఇల్లాలి నేర్పు లాంటిది. 2002లో కారు ప్రమాదంలో దవడ విరిగితే, తీగలతో బిగించి కట్టిన ఆ నోటితోనే పాట రికార్డు చేశాడు. అభిమానులు మెచ్చారంటే మెచ్చరూ?

2007లో డోండా గారు కొడుకుని పెంచిన కథ పుస్తకంగా రాశారు. ఆ ఏడే నవంబరు 10న పోయారు. అంతకు ముందు రోజే సౌందర్యం కోసం చేసే ఆపరేషను ఒకటి చేయించుకున్నారు. వయసు 58. తను లాస్ ఏంజెలిసుకి మకాం మార్చకపోయి ఉంటే అమ్మ బతికుండేదని 2015లో కాన్యే ఒక పత్రికవాళ్ళతో అన్నాడు. ఈ మాట మా అక్క కొడుకే నాకు చెప్పాడు. ఎందుకు చెప్పాడో అప్పుడు నేనడగలేదు.

ఇక ఆల్బమ్ సంగతి. అది 2021 ఆగస్టు 29న వచ్చింది. మొత్తం 27 పాటలు, గంటా నలభై ఎనిమిది నిమిషాలు. "ఇంటర్వెల్ లేని సినిమాలాగుంది, సగం కోసేస్తే బాగుండేది" అని మా అమ్మాయి. "నీకు ఓపిక లేదని చెప్పు" అని వాడు. మొదటి పాటలో మాటలే లేవు. ఒక ఆడగొంతు 'డోండా, డోండా' అంటూ నిమిషం పాటు ఆ పేరే జపం చేస్తుంది, అంతే. దాని మీద అమెరికాలో పెద్ద చర్చే జరిగిందట. ఒకళ్ళు విసుగన్నారు, ఒకళ్ళు మహాద్భుతం అన్నారు. ఆ లయ తల్లి చివరి గుండె చప్పుళ్ళ లయేనని అభిమానులు ఒక కథ కూడా అల్లేశారు. అభిమానులకి కథలల్లడం ఎవరైనా నేర్పాలా? అమ్మ పేరు మీద వచ్చే పాటల్లో తిట్లెందుకనో ఏమో, వాటినన్నిటినీ కత్తిరించేశారు. దాని మీదా తగువే. తిట్లు తీసేస్తే అది ర్యాపేమిటని కొందరు, తల్లి ముందు నోరు కడుక్కుని నిలబడ్డాడని కొందరు.

అయిదు రోజులు తిరక్కుండా డ్రేక్ అనే మరో ర్యాప్ గాయకుడి ఆల్బమ్ వచ్చింది. ఇద్దరికీ పడదు. మొదటి వారం అమెరికాలో దీనికి మూడు లక్షల తొమ్మిది వేల లెక్క, దానికి ఆరు లక్షల పదమూడు వేలు. చూశారా, వంద రోజుల సినిమా లెక్కలే మళ్ళీ! సముద్రాలు దాటినా మనిషి బుద్ధి ఒకటే.

ఇంతవరకూ నేను నవ్వుకుంటూనే విన్నాను. దోసె మాడకుండా చూసుకోవడమే నా పని. అరుగు సంగతి వచ్చాక మాత్రం నా చెయ్యి ఆగింది.

ఆల్బమ్ బయటికి రాకముందే దాన్ని స్టేడియాల్లో వేలమందికి వినిపించాడు. అట్లాంటాలో రెండుసార్లు. అక్కడ స్టేడియంలోనే ఒక చిన్న గదిలో, ఒంటి మంచం వేసుకుని మకాం పెట్టాడు. మూడోసారి ఆగస్టు 26న షికాగోలో, సోల్జర్ ఫీల్డ్ అనే స్టేడియంలో. మైదానం మధ్యలో తను చిన్నప్పుడు తల్లితో పెరిగిన ఇంటి నమూనా కట్టించాడు. చివర్లో ఒంటికి నిప్పంటించుకున్నాడు, వెంటనే ఆర్పేశారనుకోండి. ఆ తర్వాత తెల్లటి పెళ్ళి గౌను, మేలిముసుగు వేసుకుని భార్య కిమ్ కర్దాషియన్ నడిచొచ్చింది. అప్పటికి ఆవిడ విడాకుల దావా వేసి ఆరు నెలలు! మా అక్క కొడుకు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి కళ్ళారా చూసొచ్చాడు.

ఆ ఇంటి అరుగు మీద తన పక్కన ఇద్దర్ని నిలబెట్టాడు. ఒకడు డాబేబీ, ఎయిడ్స్ రోగుల్నీ, స్వలింగ ప్రేమికుల్నీ ఆ నెల కిందటే వేదికెక్కి కించపరిచి, కచేరీలు పోగొట్టుకున్నవాడు. రెండోవాడు మార్లిన్ మాన్సన్ అనే రాక్ గాయకుడు. తమని హింసించాడని ఆ ఏడాదే చాలామంది ఆడవాళ్ళు బయటికొచ్చి అతని మీద ఆరోపణలు చేశారు. అతను కాదన్నాడు. కేసు పెట్టడానికి గడువు దాటింది, చాలినంత సాక్ష్యమూ లేదని 2025 జనవరిలో లాస్ ఏంజెలిస్ ప్రాసిక్యూటరు తేల్చారు. కాని ఆ అరుగు మీద నిలబడ్డ నాటికి ఆ ఆడవాళ్ళ మాటలు ఇంకా పచ్చిపుండులా ఉన్నాయి. ఇంగ్లండులో ఒక పత్రిక ఆ ఒక్క కారణంతోనే ఆల్బముకి మార్కుల్లో సున్నా వేసింది.

"అమ్మ పేరు పెట్టాడు కదా అన్నయ్యా! ఎవరి అరుగది? ఒక్కత్తే కష్టపడి పిల్లాణ్ణి పెంచుకున్న ఆవిడ అరుగు కాదూ? దాని మీద ఆ మనిషిని నిలబెట్టడానికి వీడికి చేతులెలా వచ్చాయి? ఆవిడే బతికుంటే గడప తొక్కనిచ్చేదా?" అంది మా అమ్మాయి. దాని గొంతు వణికింది.

అవతల నుంచి చాలాసేపు మాట లేదు. ఫోను ఆగిపోయిందనుకున్నాం. అప్పుడు వాడు నన్ను పిలిచాడు, "పిన్నీ, నువ్వు ఉన్నావా అక్కడ?" అని.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ ఏడు మే నెలలో మా అక్క పోయింది. కరోనా రెండో విడత. పదకొండు రోజులు విజయవాడలో ఒక ఆస్పత్రిలో ఉంది. ఇండియా నుంచి వచ్చేవాళ్ళని అమెరికా ఆ నెల 4వ తారీకు నుంచే ఆపేసింది. అక్కడి పౌరులైతే సరే, వీడిలా వీసా మీద ఉన్నవాళ్ళు ఇటొస్తే మళ్ళీ ఎప్పుడు రానిస్తారో తెలియదు. వాడు టిక్కెట్టు కొన్నాడు. "రావద్దు నాన్నా, వచ్చినా చూడనివ్వరు. ఉద్యోగం కూడా పోతుంది. అమ్మ ఒప్పుకోదు" అని మా బావగారే ఆపేశారు. కర్మలు ఆయనే చేశారు. వాడు షికాగోలో తెల్లవారుజామున ఫోనులో చూశాడు. మధ్యలో రెండుసార్లు నెట్ పోయింది.

"తర్పణాలప్పుడు అమ్మ పేరు మూడుసార్లు చెప్పిస్తారట కదా పిన్నీ. నాకు ఒక్కసారి కూడా చెప్పే రాత లేకపోయింది. ఇక్కడ ఆఫీసులో అమ్మ పేరెత్తితే అందరూ మాట మార్చేస్తారు. నాన్నకి ఫోన్ చేస్తే, ఆయన ఏడుస్తారని నేనెత్తను, నేనేడుస్తానని ఆయనెత్తరు. ఆ స్టేడియంలో వేలమంది మధ్య ఒక అమ్మ పేరు అన్నిసార్లు పలికారు. ఎవరి అమ్మైతేనేం? నేను నిలబడి విన్నాను. ఆ అరుగు మీద ఎవరెవరు నిలబడ్డారో నాకూ కనబడింది. చెల్లి అన్నది తప్పని నేననను. కాని ఆ నిమిషం నేనెవరికి వాపసివ్వను?" అన్నాడు.

మా అమ్మాయి ఏమీ అనలేదు. పళ్ళెంలో దోసె చల్లారిపోయింది.

నేను బి.ఏ.లో సాహిత్యం చదువుకున్నదాన్ని. కవిని చూడాలా, కవిత్వాన్ని చూడాలా అనే ప్రశ్న పరీక్షల్లో పది మార్కులకి వచ్చేది. జర్మనీలో వాగ్నర్ అనే మహా సంగీతకారుడు యూదుల్ని ద్వేషిస్తూ 1850లో ఒక వ్యాసమే రాశాడు. ఆయన సంగీతమంటే హిట్లరుకి ప్రాణం. ఇజ్రాయెల్లో చట్టమేమీ లేకపోయినా వాగ్నర్ సంగీతాన్ని కచేరీల్లో వాయించరు. 2001లో జెరూసలేంలో డానియల్ బారెన్‌బోయిమ్ అనే సంగీతకారుడు, ఆయన కూడా యూదుడే, కచేరీ అయిపోయాక, వినడం ఇష్టం లేనివాళ్ళు వెళ్ళిపోవచ్చని చెప్పి మరీ వాయించాడు. కొందరు లేచి తలుపులు బాదుకుంటూ వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళు నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ రెండు రకాలవాళ్ళలో ఎవరు తప్పని చెప్పగలం?

మన కథ 2021తో ఆగిపోలేదు. 2022 అక్టోబరులో కాన్యే యూదుల మీద విషం కక్కుతూ రాశాడు. అదే నెల 25న అడిదాస్ కంపెనీవాళ్ళు అతనితో ఉన్న కోట్ల డాలర్ల చెప్పుల వ్యాపారం తెంచుకున్నారు. 2023 డిసెంబరులో హీబ్రూ భాషలో క్షమాపణ రాశాడు. 2025లో స్వస్తిక గుర్తు చొక్కాలు అమ్మకానికి పెట్టాడు. మన గుమ్మాల మీది పసుపు స్వస్తిక కాదు లెండి, హిట్లరు జెండా మీదిది. ఆ తర్వాత హిట్లరుకి జేజేలు పలుకుతూ ఏకంగా పాటే కట్టాడు. తనకి మానసికమైన జబ్బుందని 2018లోనే చెప్పుకున్నాడు. జబ్బు మీద నాకు జాలి ఉంది. కాని అదే జబ్బుతో వంట చేసుకుని, ఆఫీసుకెళ్ళి, పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళెవరూ ఇంకొక జాతిని చంపినవాడికి హారతి పట్టలేదు.

ఆ 2022 అక్టోబరులో మా అమ్మాయి షికాగోకి ఫోన్ చేసింది. 'చూశావా, నేనప్పుడే చెప్పానా' అంటుందని నేను వంటింట్లోంచి చెవులు రిక్కించాను. అది ఆ మాటే అనలేదు. "అన్నయ్యా, బాగున్నావా?" అని అడిగింది. ఎవరో ఆత్మీయులు పోతే అడిగినట్టు అడిగింది. నాకు దాని మీద గౌరవం కలిగింది. వాదనలో నెగ్గడం వేరు, నెగ్గాక ఊరుకోవడం వేరు. రెండోది మా నాన్నగారి తరం కాఫీ హోటళ్ళలో ఎవరికీ వచ్చినట్టు లేదు.

నాకు తరుచు ఆ తల్లి గుర్తొస్తుంది. ఆ ఆల్బమ్‌లో ఒకచోట ఆవిడ గొంతే వినిపిస్తుంది. షికాగో కవయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్ మాటలు కొన్ని చెబుతుంది. నల్లవాళ్ళలో 1950లో మొదటిసారి పులిట్జర్ బహుమతి అందుకున్న కవయిత్రి. గొంతు వింటే, క్లాసు గదిలో చివరి బెంచీ దాకా వినబడాలని పలికే మేష్టారి గొంతే. ముప్ఫై ఏళ్ళ పైన పాఠాలు చెప్పిన మనిషి. ఎన్ని వేల కాగితాలు దిద్దిందో!

కాగితాలు దిద్దడమంటే ఏమిటో మేష్టారింటి ఆడవాళ్ళకి తెలుసు. కాగితంలో ఏముందో దానికే మార్కు. రాసినవాడు రౌడీ అని మంచి వాక్యానికి మార్కు తగ్గించరు. అలాగని మార్కులు బాగా వచ్చాయి కదా అని, తోటిపిల్లని ఏడిపించినవాణ్ణి వదిలిపెట్టరు. మార్కు మార్కే, మందలింపు మందలింపే. ఒక పద్దులోది ఇంకో పద్దులో కలిపి సరిపెట్టడానికి వీల్లేదు. మా అక్క కొడుకు విన్న ఆ ఒక్క నిమిషం నిజం, దాని మార్కు దానికివ్వాల్సిందే. మా అమ్మాయి అన్నదీ నిజం. ఎందుకంటే ఆ అరుగు మీది మనుషులు గాయకుడి ఇంటి గుట్టు కాదు. వాళ్ళని తీసుకొచ్చి కాగితం మీదికే ఎక్కించాడు, ఒక పాటలో గొంతు కలపనిచ్చాడు. కాగితంలోకే వచ్చిన మురికికి కాగితంలోనే మార్కు పోతుంది. పైన అమ్మ పేరు రాసినంత మాత్రాన పోయిన మార్కు తిరిగి రాదు. అమ్మ పేరు రాసిన కాగితాన్ని మరింత నిదానించి దిద్దుతారు, అంతే.

ఇంకొక మాట కూడా ఉంది. చప్పట్లూ డబ్బూ మన చేతిలోవి. ఒకసారి ఒక పాట మనల్ని ఓదార్చిందని, జీవితాంతం ఆ పాడినవాడికి కప్పం కట్టనక్కర్లేదు. కట్టడం మానేశామని, ఆనాటి ఓదార్పు అబద్ధం అయిపోదు.

ఆ ఏడు నవంబరు 8న అమెరికావాళ్ళు ఆంక్షలు తీసేశారు. మరుసటేడు మే నెలలో అక్క సంవత్సరీకానికి వాడొచ్చాడు. పంచె కట్టుకుని, కొత్త జంధ్యం సర్దుకుంటూ పీట మీద కూర్చున్నాడు. శాస్త్రిగారు గోత్రం చెప్పించి, "మీ అమ్మగారి పేరు చెప్పండి నాయనా" అన్నారు. చెప్పాడు. గట్టిగా, వీధి గుమ్మం దాకా వినబడేటట్టు చెప్పాడు. మూడుసార్లు చాలు. వాడు ఆపకపోతే శాస్త్రిగారు కూడా ఆపమనలేదు.